వైశాఖి పంక్తి

మన సంక్రాంతి ధాన్యము గాదెలకు చేరిన పిదప వచ్చును. పంజాబువారి వైశాఖి గోధుమచేలు పండి కొడవలికై యెదురుచూచు వేళ, ఏప్రిలు 13వ తేదీననో 14వ తేదీననో వచ్చును. ఆ యుదయమున సిక్కులు స్నానములు చేసి గురుద్వారములకు పోవుదురు. నిశాన్ సాహిబను ధ్వజమునకు నూతనవస్త్రము చుట్టుదురు. పంచప్రియుల స్థానమున నైదుగురు ముందు నడువ గురుగ్రంథసాహిబును ఊరేగింతురు. తల్వండీ సాబోవంటి చోట్ల గొప్ప తిరునాళ్లు జరుగును. డోలు మ్రోగినచో భాంగ్రా యాడక నిలిచియుండు పడుచువాడు పంజాబున నరుదు.

ఇంతియే యైనచో నిది పంటపండుగలలో నొకటి. దీనికి వేఱొక యర్థము కూర్చినది 1699వ సంవత్సరపు వైశాఖి. ఆనాడు ఆనందపురమున గురుగోవిందసింగు మహాసభ యెదుట ఖడ్గము దూసి, తలనిచ్చువారెవరని యడిగెను. లేచిన యైదుగురును ఐదు ప్రాంతములవారు: దయారాము లాహోరు ఖత్రి, ధర్మదాసు హస్తినాపురపు జాటు, హిమ్మతురాయి పూరీజగన్నాథమున నీరు మోసినవాడు, మొహకంచందు ద్వారక దర్జీ, సాహిబుచందు బీదరు మంగలి. ఆ బీదరు 1956 వఱకు హైదరాబాదు రాజ్యములోనిదే. గురువు 1708లో దేహము చాలించినదియు గోదావరీతీరమున, నాందేడులోనే. కావున నీ కథ మనకు పరాయిది కాదు. గురువు ఆ యైదుగురికి ఇనుపపాత్రలోని యమృత మొసగి, వెంటనే తాను చేతులు జోడించి వారియొద్దనే యమృతము స్వీకరించెను. శిష్యులను చేసికొనిన నాడే వారికి శిష్యుడైన గురువును మేము వేఱొకచోట నెఱుగము.

అంతకు పూర్వమే మూడవ గురువగు అమరదాసు, తన దర్శనమునకు వచ్చువా రెవరైనను ముందు లంగరులో నందఱితో కూర్చుండి భుజింపవలెనని విధించెను. దానిని వారు పంగత్ అందురు. మన పంక్తియే అది. 1919 ఏప్రిలు 13న అమృతసరములోని జలియన్‌వాలా బాగున డయ్యరు తుపాకులకు బలియైనవారిలో వైశాఖికి వచ్చిన పల్లెవారును గలరు. ప్రభుత్వపు లెక్కకే వారు 379 మంది. ఆ గుండ్లు ఎవరి కులము నడుగలేదు.

భూమి మాట వచ్చునప్పటికి మాత్రము పంక్తి విడిపోవుచున్నది. 2011 జనాభా లెక్కల ప్రకారము పంజాబులో నూటికి 32 మంది దళితులు. కోతలకును నాట్లకును తరతరములుగా చేతులిచ్చినవారు వీరే. వీరి పేరనున్న భూమియో మిక్కిలి స్వల్పము. కొన్ని గ్రామములలో గురుద్వారములును, శ్మశానములును కూడ వేఱు. 1961 నాటి గ్రామసామాన్య భూముల శాసనము ననుసరించిన నియమములు పంచాయతీ సాగుభూమిలో మూడవవంతు దళితులకే కౌలు కీయవలెనని చెప్పుచున్నవి. ఆ భాగమును వారి పేరిట బినామీలచే పాడించి పెద్దరైతులే దున్నుకొను వాడుక చిరకాలమునుండి కలదు. 2014లో సంగ్రూరు జిల్లా బలద్ కలాన్ గ్రామపు దళితులు దీనిని ప్రశ్నించి లాఠీదెబ్బలు తినిరి.

పెద్దరైతులకును కష్టములు లేకపోలేదు. 2020 చివరనుండి ఢిల్లీ పొలిమేరలలో చలికిని ఎండకును ఓర్చి, 2021 వైశాఖిని అచ్చటనే జరుపుకొని, ఆ సంవత్సరాంతమున మూడు శాసనములను రద్దు చేయించినవారు వారే. ఆ డేరాల లంగరులలో భూమి లేనివారును వారితో కూర్చుండి తినిరి. అట్టివారు వైశాఖినాడు ప్రక్కన కూర్చుండిన కూలివానిపై, కోత ముగిసి వేలము వచ్చుసరికి బినామీని నిలుపుట ఏమి న్యాయము? వేలమునాడు పాటకాడెవడో, సొమ్మెవనిదో విచారించుట అధికారుల విధి. ఊరేగింపునకు ముందు నడచు పెద్దలు ఈ మాటను గురుద్వారములోనే, పండుగనాడే, పేర్లు పెట్టి చెప్పవలెనని మేము కోరుచున్నాము.