సంతకం పెట్టేవాళ్లు కావాలి

పన్నెండో తరగతి చదివే పిల్లలున్న ఇళ్లలో ఈ రోజుల్లో కాలేజీ మాట తప్ప మరో మాట వినిపించదు. అమెరికాలోని తెలుగు కుటుంబాల్లో ఏ కాలేజీ అన్నదానికన్నా ఏ మేజర్ అన్నదే పెద్ద చర్చ. కంప్యూటర్ సైన్స్, డేటా సైన్స్, ఇంజనీరింగ్, మెడిసిన్‌కు దారితీసే బయాలజీ, బిజినెస్ వైపు వెళ్తే ఫైనాన్స్. ఈ వరసలో అకౌంటింగ్‌కు చోటుండదు. ఎవరైనా ఆ పేరెత్తితే "ఇక అదంతా కంప్యూటరే చేసేస్తుందట కదా" అన్న మాట వెంటనే ఎదురొస్తుంది. ఆ మాటను నిదానంగా తూచి చూడాలని ఈ సంచికలో ఆ విషయం ఎత్తుకున్నాం. మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. ఇక్కడ పుట్టి పెరిగిన మన పిల్లలు ఈ రోజున ధైర్యంగా ఎంచుకోదగ్గ చదువుల్లో అకౌంటింగ్ ఒకటి. అయితే పద్దులు రాసే పనిగా కాకుండా, పద్దులకు పూచీపడే వృత్తిగా దాన్ని నేర్చుకోవాలి.

ఈ వృత్తికి గడ్డురోజులు వచ్చిన మాట నిజం. 2019-2021 మధ్య ఈ దేశంలో 3 లక్షలకు పైగా అకౌంటెంట్లు, ఆడిటర్లు ఉద్యోగాలు వదిలి వెళ్లారు. ఏటా కొంచెం కొంచెంగా తగ్గుతూ వచ్చిన బ్యాచిలర్స్ పట్టాలు 2021-22లో ఒక్కసారిగా 8 శాతం దాకా పడిపోయాయి. 2024లో టప్పర్‌వేర్ కంపెనీ వార్షిక నివేదికను గడువులోగా ఇవ్వలేకపోయింది. అందుకు చెప్పుకున్న కారణాల్లో లెక్కల విభాగంలో మనుషులు మిగలకపోవడం ఒకటి. ఈ వలసకు యంత్రాలను తప్పుపట్టడం సులువే కానీ, అసలు తప్పు చాలామటుకు వృత్తి పెద్దలదే. డిగ్రీకి 120 క్రెడిట్లు సరిపోతుంటే సీపీఏ (సర్టిఫైడ్ పబ్లిక్ అకౌంటెంట్) లైసెన్సుకు 150 కావాలన్నారు. 1983లో ఫ్లోరిడాలో అమల్లోకి వచ్చిన ఆ నిబంధన క్రమంగా దేశమంతటికీ పాకింది. ఆ 30 క్రెడిట్ల కోసం ఐదో ఏడు చదవాలి, ఫీజు కట్టాలి, ఆ ఏడాది జీతం వదులుకోవాలి. ఇంతా చేసి ఉద్యోగంలో చేరితే జనవరి నుంచి ఏప్రిల్ నడుమ దాకా ఇల్లు గుర్తుండనంత పని. పక్క గదిలో కంప్యూటర్ సైన్స్ చదివిన స్నేహితుడికేమో నాలుగేళ్లకే అంతకన్నా మంచి జీతం. పిల్లలు తమ లెక్క తాము వేసుకున్నారు. ఆ లెక్కలో తప్పేమీ లేదు.

ఇప్పుడు ఆ లెక్కలోని అంకెలు మారుతున్నాయి. 2025 జనవరిలో ఒహాయో కొత్త చట్టం చేసింది. డిగ్రీ, రెండేళ్ల అనుభవం, సీపీఏ పరీక్ష ఉంటే చాలు, ఐదో ఏడు అక్కర్లేదు. వర్జీనియా, టెక్సస్, కాలిఫోర్నియా అదే బాట పట్టాయి. 2025 వసంతకాలం నాటికి అకౌంటింగ్‌లో చేరినవారి సంఖ్య అంతకు ముందేడాదికన్నా 12 శాతం దాకా పెరిగింది. జీతం సంగతి దాచిపెట్టడం మాకిష్టం లేదు. ఫెడరల్ కార్మిక గణాంకాల ప్రకారం 2024లో అకౌంటెంట్లు, ఆడిటర్ల మధ్యస్థ వేతనం 81,680 డాలర్లు. సాఫ్ట్‌వేర్ డెవలపర్లది 1,33,000 డాలర్ల పైమాటే. డబ్బే ప్రధానమనుకునే పిల్లవాడికి ఈ తేడా చిన్నదని చెప్పలేం. కానీ ఆ పెద్ద అంకె ఉద్యోగం ఉన్నవాళ్లది. న్యూయార్క్ ఫెడరల్ రిజర్వ్ బ్యాంకు 2025లో విడుదల చేసిన పట్టికలో, కొత్తగా పట్టా పుచ్చుకున్న కంప్యూటర్ సైన్స్ విద్యార్థుల్లో నిరుద్యోగం 6.1 శాతం. అకౌంటింగ్ చదివినవారిలో అది అంతకన్నా చాలా తక్కువ. రెండు అంకెలూ పక్కపక్కన పెట్టుకుని చూడాలి. మనం ఇన్నాళ్లూ ఒకదాన్నే చూశాం.

ఇక యంత్రం సంగతి. 2013లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు ఫ్రే, ఆస్‌బోర్న్ ఏయే ఉద్యోగాలను కంప్యూటర్లు మింగేయవచ్చో అంచనా కట్టి, అకౌంటెంట్లకు 94 శాతం ముప్పు ఉందన్నారు. పదేళ్లు దాటాక చూస్తే మనుషులు దొరక్క కంపెనీలు నివేదికలు ఆపుకునే పరిస్థితి వచ్చింది. ఆ అంచనాలో కొంత నిజం లేకపోలేదు. బిల్లులు ఎక్కించి, రోజువారీ పద్దులు రాసే గుమాస్తా ఉద్యోగాలు తగ్గుతున్నాయి, ఇంకా తగ్గుతాయి. మన భాషలో ఈ రెండు పనులకూ ఎప్పటినుంచో వేరు వేరు మాటలున్నాయి. చిట్టా రాయడం ఒకటి, లెక్క తేల్చడం ఇంకొకటి. 1979లో విసికాల్క్ స్ప్రెడ్‌షీట్ వచ్చినప్పుడు పోయింది మొదటి పని. రెండోది అంతకంతకూ పెరుగుతూ వచ్చింది.

లెక్క తేల్చడమంటే ఏమిటో మన ఇళ్లలో జరిగే సంగతితోనే చూద్దాం. గుంటూరులో తండ్రి 1990లలో కట్టించిన ఇల్లు. 2015లో ఆయన పోయారు, న్యూజెర్సీలో ఉన్న కొడుకు ఇప్పుడు దాన్ని అమ్మాడు. భారత చట్టం లాభాన్ని తండ్రి పెట్టిన ఖర్చు నుంచి లెక్కిస్తుంది, లేదా 2001 ఏప్రిల్ 1 నాటి విలువ నుంచి. అమెరికా చట్టం తండ్రి పోయిన రోజున ఆ ఇంటి విలువ ఎంతో అక్కడి నుంచి మొదలుపెడుతుంది. ఇల్లు ఒకటే, లాభాలు రెండు. అక్కడ పన్ను ఏడాది ఏప్రిల్‌లో మొదలవుతుంది, ఇక్కడ జనవరిలో. అమ్మినవాడు ప్రవాసి కాబట్టి కొన్నవాళ్లు పన్ను కోసుకునే డబ్బిస్తారు. ఆ డబ్బు అక్కడి ఖాతాలో పడి, విదేశీ ఖాతాలన్నిటి మొత్తం ఏ ఒక్కరోజైనా 10,000 డాలర్లు దాటితే, ఆ ఖాతాల వివరాలు తెలిపే ఎఫ్‌బార్ నివేదిక దాఖలు చేయాలి. చేయకపోతే జరిమానాలు సామాన్యంగా ఉండవు. ఫారాలు నింపడం సాఫ్ట్‌వేర్‌కు చిటికెలో పని. కానీ ఆ కొడుకును కూర్చోబెట్టి, నాన్నగారు పోయిన నాటికి ఇంటికి ఎవరైనా విలువ కట్టారా, అక్కచెల్లెళ్లకు వాటా ఉందా, ఆ పన్ను కోసిన కాగితం ఏదీ అని అడగాలి. జవాబుల్లో ఏది నమ్మాలో, దేనికి రుజువు కోరాలో తేల్చుకోవాలి. చివరికి రిటర్ను మీద తన పేరు వేసి సంతకం పెట్టాలి. రెండు దేశాల పద్ధతీ తెలిసి, ఇంట్లో పెద్దవాళ్లతో తెలుగులో మాట్లాడగలిగే సీపీఏ కోసం మనవాళ్లు ఎంతగా వెతుక్కుంటారో ఏ తెలుగు సంఘం సభ్యుడిని అడిగినా చెబుతాడు.

సంతకం అంటే వెంటనే గుర్తొచ్చేది సత్యం కంప్యూటర్స్ కుంభకోణం. 2009 జనవరి 7న ఆ కంపెనీ ఛైర్మన్ రామలింగరాజు రాసిన లేఖలో, కంపెనీ పుస్తకాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు అసలు లేనేలేవని ఒప్పుకున్నారు. బ్యాంకులో డబ్బుందో లేదో తెలుసుకోవడానికి ఆడిటర్ చేయాల్సిన పని చాలా చిన్నది. తానే బ్యాంకుకు ఉత్తరం రాయాలి, జవాబు నేరుగా తన చేతికే రావాలి, మధ్యలో కంపెనీ చెయ్యి పడకూడదు. అక్కడ ఆ ఉత్తరాలు పంపడం, జవాబులు తెప్పించడం కంపెనీకే వదిలేశారని అమెరికా నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ తేల్చింది. ఆడిటర్ల సంతకం ఉండి కూడా ఇంత మోసం జరిగితే సంతకానికి విలువేముందని ఎవరైనా అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ సంతకం ఉండబట్టే నిలదీయడానికి ఒకరు దొరికారు. 2011లో సత్యం ఆడిటర్లయిన ప్రైస్ వాటర్‌హౌస్ భారతీయ సంస్థలు అమెరికాలో మొత్తం 75 లక్షల డాలర్లు కట్టాయి. ఎవరు ఏ ఉత్తరం పంపలేదో లోకానికి తెలిసింది. కృత్రిమ మేధ తయారుచేసిన నివేదిక తప్పయితే ఎవరిని నిలదీయాలి? యంత్రం లైసెన్సు రద్దు చేయలేం, దాన్ని కోర్టు బోనెక్కించలేం. పని ఎంతమేరకు యంత్రం చేతికి పోతే, పూచీపడే మనిషి అవసరం అంత పెరుగుతుందని మా నమ్మకం.

మమ్మల్ని నిజంగా ఆలోచనలో పడేసే అభ్యంతరం వేరే ఉంది. పూచీపడే తెలివి ఎక్కడ అబ్బుతుంది? చేరిన మొదటి రెండు మూడేళ్లలో వోచర్లు సరిచూస్తూ, బ్యాంకు నిల్వలు పోల్చుకుంటూ, విసుగొచ్చినా వేలకొద్దీ పద్దులు చూడగా చూడగా ఎక్కడో ఒక అంకె కంట్లో నలుసులా గుచ్చుకుంటుంది. ఆ మొదటి మెట్టు పని ఇప్పుడు కొంత యంత్రానికి, కొంత హైదరాబాద్‌కు వెళ్తోంది. నాలుగు పెద్ద ఆడిట్ సంస్థలకూ హైదరాబాద్‌లో కార్యాలయాలున్నాయి. డాలస్‌లో కొత్తగా చేరిన పిల్లవాడు చేయాల్సిన పని మాధాపూర్‌లో రాత్రి షిఫ్టులో ముగిసిపోవచ్చు. సీపీఏ పరీక్ష కూడా 2020 నుంచి హైదరాబాద్‌లోనే రాయొచ్చు. పోటీ మనవాళ్లకూ మనవాళ్లకూ మధ్యే కావచ్చు. దీనికి మా దగ్గర పూర్తి జవాబు లేదు. యంత్రం చేసిన పనిని తనిఖీ చేస్తూ కూడా కన్ను పదునెక్కుతుంది, సంస్థలు అలా నేర్పడానికి సిద్ధపడితే. నేర్పని సంస్థలకు పదేళ్ల తర్వాత సంతకం పెట్టేవాళ్లు దొరకరు. ఆ భయమే వాటిని దారికి తెస్తుందని ఆశ, అంతకుమించి హామీ ఇవ్వలేం.

ఇండియా నుంచి ఇక్కడికి చదువుకోవడానికి వచ్చే విద్యార్థులకు మాత్రం మా మాట వేరు. మామూలు అకౌంటింగ్ డిగ్రీ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) జాబితాలో లేదు. చదువయ్యాక పని చేసుకునే గడువు ఒక్క ఏడాదే, స్టెమ్ పట్టాలకు దొరికే అదనపు 24 నెలలు దీనికి ఉండవు. డేటా విశ్లేషణతో కలిపి స్టెమ్ కింద నమోదైన అకౌంటింగ్ మాస్టర్స్ కోర్సులు కొన్ని విశ్వవిద్యాలయాల్లో ఉన్నాయి. చేరేముందు కోర్సు పేరు చూసి ఊరుకోకుండా, కాలేజీ ఇచ్చే ఐ-20 పత్రంలో ఏ కోర్సు కోడ్ పడుతుందో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి. అప్పు చేసి వచ్చేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఆలోచించండి.

ఇక్కడి పిల్లలున్న ఇళ్లకు మా మనవి ఒకటే. ఈ శీతాకాలం కాలేజీలు చూడటానికి వెళ్లినప్పుడు అకౌంటింగ్ విభాగం తలుపు కూడా ఒకసారి తట్టండి. మీ రాష్ట్రంలో 120 క్రెడిట్లతో లైసెన్సు వస్తుందా, జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆడిట్ సంస్థల్లో ఇంటర్న్‌షిప్‌కు విద్యార్థులను వదులుతారా, అలా వెళ్లివచ్చిన వాళ్లలో ఎంతమందికి ఉద్యోగం ఖాయమైంది అని అడగండి. ఆ ప్రశ్నలు మీరు అడక్కండి, పిల్లల చేత అడిగించండి.