ఆదివారం తెలుగు క్లాసులో ఒక బ్యాటరీ సెల్లు



మన ఆదివారం తెలుగు క్లాసు గురించి నాలుగు మాటలు చెప్పాలని ఉంది. కాస్త పొడుగే, ఓపికగా చదవండి.

పిల్లకాయలు చిన్నప్పుడు ఇష్టంగానే వస్తారు. అక్షరాలు దిద్దుతారు, రెండు పద్యాలు అప్పజెబుతారు, ఉగాదికి స్టేజీ ఎక్కుతారు. ఆరో ఏడో క్లాసుకు రాగానే మానేస్తారు. ట్యూషన్ అంటారు. అసలు కారణం వేరే ఉందని మాకు అనిపిస్తుంది. వాళ్లకు తెలుగు "తిన్నావా, పడుకున్నావా" దగ్గరే ఆగిపోయింది. బుర్ర పెట్టే పని వస్తే ఇంగ్లీషు, వీధిలోకి వెళితే తమిళం. తెలుగులో "ఎందుకు?" అని అడగాల్సిన అవసరం వాళ్లకు రానే రాలేదు.

అందుకే ఈ సూచన. నెలకు ఒక ఆదివారం పద్యాన్ని పక్కన పెట్టి, కరెంటు గురించి చిన్న ప్రయోగాలు చేయిద్దాం. మాటలన్నీ తెలుగులోనే.

"సైన్సు బడిలో చెబుతారు కదా" అని కొందరు పెద్దలు అంటున్నారు. చెబుతారు, నిజమే. కానీ బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్న బిడ్డ చేతికే ఒక సెల్లు, ఒక పాతకాలం టార్చి బల్బు, ఒకే ఒక్క వైరు ముక్క ఇచ్చి వెలిగించమనండి. తడబడతారు. బల్బు అడుగునున్న చుక్క ఒక కొస, పక్కనున్న లోహపు తొడుగు రెండో కొస. అది చేత్తో పెట్టి చూస్తేనే తెలుస్తుంది. వెలిగిన క్షణాన ఆ బిడ్డ నోట వచ్చే మాట తెలుగులో వస్తే, పది పద్యాలు అప్పజెప్పినంత లాభం.

మనలో రైల్వే వాళ్లం తక్కువేం కాదు. మద్రాసు బీచ్-తాంబరం లైనులో 1931లోనే కరెంటు బండ్లు నడిచాయి. పట్టాల మీద బండి ఉందని సిగ్నల్‌కు ఎలా తెలుస్తుందో మన మనవళ్లకు ఎప్పుడైనా చెప్పామా? పట్టాలను భాగాలుగా వేరుచేసి, ఒక్కో భాగానికి ఒక చివర కొద్దిపాటి కరెంటు ఇస్తారు, రెండో చివర రిలే ఉంటుంది. బండి వస్తే దాని చక్రాలు, ఇరుసు రెండు పట్టాలనూ కలిపేస్తాయి. కరెంటు దగ్గరి దారిలో వెనక్కి పోతుంది, రిలేకు అందదు, సిగ్నల్ ఎర్రగా మారుతుంది. వైరు తెగినా ఎరుపే. తప్పు జరిగితే బండి ఆగాలే గానీ నడవకూడదు, అదీ అందులోని తెలివి.

దీన్ని బల్ల మీద చేయొచ్చు. వంటింటి అల్యూమినియం కాగితం రెండు పట్టీలు పట్టాలు, ఒక చివర సెల్లు, రెండో చివర బల్బు. పట్టీల మీద అడ్డంగా స్టీలు చెంచా పెడితే బల్బు ఆరిపోతుంది. ఒక్క క్షణం పెట్టి తీసేయాలి, లేకుంటే సెల్లు వేడెక్కుతుంది.

మాటల సంగతి. మా తరంలో చాలామందిమి తమిళ మీడియం వాళ్లమే, పిల్లలకూ తమిళం వచ్చు. అది అడ్డు కాదు, నిచ్చెన. తమిళంలో కరెంటు "మిన్సారం". అందులోని "మిన్", మన "మినుకు మినుకు"లోని మినుకు చుట్టాలే. సర్క్యూట్‌ను వాళ్లు "మిన్‌సుట్రు" అంటారు. ఆ సుట్రు మన చుట్టే. కరెంటు ఒక చుట్టు తిరిగి వస్తేనే బల్బు వెలుగుతుంది. పుస్తకంలోని "విద్యుత్ వలయం" ఆ తర్వాత చెప్పినా నిలుస్తుంది.

ఇప్పుడు ముఖ్యమైన విషయం. మన ప్రయోగాలకు 1.5 వోల్టుల సెల్లు ఒకటి, మించితే రెండు. గోడ ప్లగ్గు, ఛార్జరు, ఇన్వర్టరు బ్యాటరీ దగ్గరికి పోనేకూడదు. ఇంటి కరెంటు 230 వోల్టులు, అది ప్రాణం తీస్తుంది. గుండీ సెల్లులు అసలు వద్దు, చిన్నపిల్లలు మింగితే లోపల కాలి పుండవుతుంది. రైలు పైన వైరులో 25,000 వోల్టులు ఉంటాయి. దాన్ని తాకనక్కర్లేదు, దగ్గరికి పోయినా గాలిలోంచే దూకుతుంది. ఆగి ఉన్న వ్యాగను ఎక్కి సెల్ఫీ తీసుకోబోయి కాలిపోయిన పిల్లల వార్తలు పేపర్లో వస్తూనే ఉన్నాయి. "ముట్టుకోవద్దు" అని అరిస్తే వినని వయసు అది. ఎందుకు వద్దో తెలిసిన బిడ్డ తానే ఆగుతాడు. పక్కవాణ్ణీ ఆపుతాడు.

ఖర్చు పెద్దగా లేదు. సెల్లులు, బల్బులు, వైరు ఎలక్ట్రికల్ షాపులో దొరుకుతాయి. కావలసింది మనుషులు. సిగ్నల్ విభాగంలో పనిచేసి రిటైరైన వాళ్లు, వైరింగు తెలిసిన వాళ్లు మన సంఘంలో ఉన్నారు. తెలుగు సరిగా రాయలేమని వెనకాడకండి, మాట్లాడితే చాలు. ఆడపిల్లలను వెనక వరసలో కూర్చోబెట్టకండి, స్క్రూడ్రైవరు ముందు వాళ్ల చేతికే ఇవ్వండి.

వచ్చే కమిటీ మీటింగులో ఈ సంగతి పెడతాము. సరేననేవాళ్లు కింద పేరు రాయండి. వద్దనేవాళ్లు కారణం రాయండి, కూర్చుని మాట్లాడుకుందాం.