పాత ఉత్తరాలు, కొత్త విండోస్



మన ఇళ్లలోని కంప్యూటర్లు అనేకం నేటికీ విండోస్ 10 మీదనే నడుస్తున్నాయి. 2015లో వెలువడిన ఆ వ్యవస్థకు మైక్రోసాఫ్ట్ సాధారణ భద్రతా నవీకరణలను 2025 అక్టోబరు 14తో నిలిపివేసింది. కంప్యూటరు ఆగిపోదు, ఇకమీదట బయటపడే లోపాలకు మరమ్మతు మాత్రం అందదు. ప్రత్యేకంగా నమోదు చేసుకున్న గృహ వినియోగదారులకు 2026 అక్టోబరు 13 వరకు గడువు ప్రకటించారు.

"అబ్బా, ఈ జుమా సెలవులో విండోస్ 11 వేసేద్దాం" అని మా చిన్నవాడు అన్నప్పుడు నేను వెంటనే ఒప్పుకోలేదు. వెనుకటి కంప్యూటరును విండోస్ 7 నుండి మార్చినప్పుడు పనిని ఒక దుకాణానికి అప్పగించాను. లోపల ఏమున్నదని అతడు అడగలేదు, నేనూ చెప్పలేదు. యంత్రం కడిగిన పలకవలె తిరిగి వచ్చింది. పెద్దమ్మాయి చిన్ననాటి ఫోటోలన్నీ పోయాయి. ఆ మాట మా ఇంట్లో ఇప్పటికీ వినబడుతూనే ఉంటుంది.

ఈసారి ముందుగా అర్హత పరీక్షించాము. టీపీఎం 2.0 లేదన్నది. నిజానికి ఉన్నది, బయోస్‌లో ఆపివేసి ఉన్నదంతే! ఇంటెల్ యంత్రాలలో దానిని పీటీటీ అని, ఏఎమ్‌డీ వాటిలో ఎఫ్‌టీపీఎం అని వ్యవహరిస్తారు. ఆన్ చేయగానే అడ్డంకి తొలగింది. ఇంటెల్ ఎనిమిదవ తరానికి ముందరి ప్రాసెసర్లకు, కొద్ది మినహాయింపులు తప్ప, ఈ ఉపాయం చాలదు.

నన్ను కలవరపెట్టినది వేరొకటి. మర్హూమ్ అబ్బాజాన్ చివరి రోజులలో మనవలకోసం ఉర్దూలో చెబుతుండగా నేను టైపు చేసిన ఉత్తరాలు ఇన్‌పేజ్ పాత వెర్షన్‌లో ఉన్నాయి. నా తెలుగు పాఠాలు అను ఫాంట్లలో ఉన్నాయి. ఇవి యూనికోడ్ కావు. తెలుగు పాఠం ఆ ఫాంటు లేనిచోట అర్థంలేని ఇంగ్లీషు గుర్తులుగా కనబడుతుంది; ఉర్దూ దస్త్రం ఆ ప్రోగ్రాము లేనిదే తెరుచుకోదు. పాత ప్రోగ్రాము కొత్త వ్యవస్థలో నడుస్తుందో లేదో అప్పుడు చూద్దామనుకోవడం జూదమే. జూదం మనకు నిషిద్ధం కదా!

అందుచేత ప్రతి ఉత్తరాన్నీ మొదట పీడీఎఫ్‌గా భద్రపరచి, పిమ్మట యూనికోడ్‌కు మార్చాము. మార్పిడిలో కొన్ని పదాలు అతుక్కుపోయాయి, అంకెలు తారుమారయ్యాయి. పెద్దమ్మాయి పీడీఎఫ్ చూసి చదువుతుంటే నేను దిద్దాను. మూడు జుమాలు పట్టింది. తెలుగుకు నిర్మలా ఫాంటు విండోస్‌లోనే ఉన్నది. ఉర్దూ నస్తాలీఖ్‌కు అరబిక్ లిపి అదనపు ఫాంట్లను సెట్టింగులలో ఉచితంగా చేర్చుకోవచ్చు.

ప్రతులు రెండు: ఒకటి బయటి హార్డ్‌డిస్కులో, మరొకటి మా చెల్లెలి ఇంట్లో. ఆ తరువాతనే, వ్యక్తిగత దస్త్రాలను, ప్రోగ్రాములను ఉంచుమనే ఎంపికతో, ఉన్న వ్యవస్థపైననే విండోస్ 11 వేశాము. పెన్‌డ్రైవ్ నుండి ఫార్మాట్ చేసి వేస్తే ఆ ఎంపిక ఉండదు. దుకాణదారుని ముందుగా అడగవలసిన ప్రశ్న ఇదే.

దిద్దుతుండగా ఒక ఉత్తరం దగ్గర అమ్మాయి ఆగింది. అందులో అబ్బాజాన్ ఆమెను చిన్ననాటి ముద్దుపేరుతో పిలిచారు. ఆ పేరును కంప్యూటరు రెండు ముక్కలు చేసింది. ఆమె నన్ను దిద్దనివ్వక, తానే కలిపింది.