మర్యాద యెవరికొఱకు?

రాజ్యమునకును మతపీఠమునకును మైత్రి యుండుట మంచిదే. కాని యా మైత్రి యన్యాయమునకు మఱుగైనచో నది ప్రజాద్రోహమే యగును. ఐర్లండు దేశమున జరిగిన యుదంతమే దీనికి దార్కాణము. ఆ దేశపు స్వాతంత్ర్యసమరమును మన పెద్దలెంత యాదరముతో గమనించుచుండిరో పాఠకు లెఱుగుదురు. స్వతంత్రమైన పిదప నా దేశము నేర్చిన చేదు పాఠమును గూడ మనము గమనింపవలెను.

డబ్లిన్ ప్రధానమేత్రాసనములో మతగురువులు పసివారిపై జరిపిన యత్యాచారములను గూర్చిన ఫిర్యాదుల విషయమున నధికారు లెట్లు వర్తించిరో విచారించుటకై 2006లో న్యాయమూర్తి శ్రీమతి మర్ఫీగారి యాధ్వర్యమున నొక సంఘమేర్పడెను. ఆ సంవత్సరము సెప్టెంబరులో సంఘమువారు రోమునందలి విశ్వాససిద్ధాంతసభకు లేఖ వ్రాసి సమాచారము గోరిరి. ఆ సభ వారికి బదులు వ్రాయలేదు. సంఘము తగిన రాయబారమార్గమున రాలేదని ఐర్లండు విదేశాంగశాఖకు మాత్రము తెలియజేసెను. తాము ప్రభుత్వమునకు లోబడని స్వతంత్రసంఘ మగుటచే నా మార్గము తమకు దగదని సంఘమువారి యభిప్రాయము. 2007 ఫిబ్రవరిలో వారు డబ్లిన్‌లోని పోపుగారి రాయబారికే వ్రాసిరి. జవాబు లేదు. 2009లో నివేదిక చిత్తులోని సంబంధిత భాగములను బంపిరి. అప్పుడును మౌనమే.

1929 నాటి లాటరన్ సంధివలన వాటికన్ సార్వభౌమరాజ్యమైనది. రాజ్యములకు రాజ్యములతో నడుపవలసిన పద్ధతి యొకటి కలదని వారు చెప్పుట పూర్తిగా దోషము కాదు. అయితే, వచ్చిన ద్వారము తప్పని చెప్పినవారు, సరియైన ద్వారమును దట్టినప్పు డేల తెఱవలేదు? రాయబారికంటె రాయబారమార్గ మింకేది? మర్యాదను బాటించుమని కోరుట వేఱు. మర్యాదను గడియగా బిగించుట వేఱు.

దోషము రోమునందే లేదు. గుట్టు చెదరకుండుట, మఠమునకు నిందరాకుండుట, ఆస్తులు గాపాడుకొనుట యనువానికే మేత్రాసనాధికారులు ప్రాముఖ్య మిచ్చిరని 2009 నవంబరులో వెలువడిన నివేదిక తేల్చినది. పోలీసు ఉన్నతాధికారులలో గొందఱు గూడ గురువులను జట్టపు పరిధికి వెలుపలివారుగా జూచిరని యదియే చెప్పినది. వంగిన ప్రభుత్వము ముందే మతపీఠము నిక్కి నిలుచును.

2011 జూలైలో క్లోయిన్ మేత్రాసనమును గూర్చిన నివేదిక వచ్చెను. అత్యాచారారోపణల నన్నిటిని ప్రభుత్వమునకు దెలుపవలెనని 1996లో ఐర్లండు బిషప్పులు నిర్ణయింపగా, ఆ నిర్బంధము ధర్మదృష్టిని మతశాసనదృష్టిని సందేహాస్పదమని 1997లో పోపుగారి రాయబారి వ్రాసిన లేఖ యందు జర్చకు వచ్చినది. ప్రధాని కెన్నీగారు జూలై 20వ తేదీని శాసనసభలో వాటికన్‌ను దీవ్రముగా ఖండించిరి. పోపుగారు తమ రాయబారిని రోమునకు బిలిపించిరి. విచారణల కడ్డుపడితిమను మాటను సెప్టెంబరులో వాటికన్ నిరాకరించినది. నవంబరులో ఐర్లండు, వ్యయము తగ్గించుటకని చెప్పి, అచటి తన రాయబారకార్యాలయమును మూసివేసెను. 2014లో మరల దెఱచుటకు నిశ్చయించినది. దృఢముగా మాటలాడుటచే మైత్రి చెడిపోలేదు.

2019 డిసెంబరులో ఫ్రాన్సిస్ పోపుగా రిట్టి వ్యవహారములకు "పాపల్ రహస్య" నియమము వర్తింపదని శాసించిరి. దేశచట్టము విధించు బాధ్యతలకు గోప్యత యడ్డురాదని గూడ స్పష్టపఱచిరి. ఈ మార్పు శ్లాఘనీయమే. కాని పదేండ్లకు ముందే యీ పని జరిగియుండిన, ఎన్ని పసిహృదయములకు న్యాయము త్వరగా దొరకియుండెడిదో!

మన దేశమునందును 2012 నాటి బాలరక్షణచట్టము, ఇట్టి నేరము నెఱిగినవారెల్లరు పోలీసువారికి దెలుపవలెనని శాసించుచున్నది. మఠాధిపతికిని, మౌల్వీకిని, మతగురువునకును, ఆశ్రమపాలకునకును ఈ చట్టమొక్కటే. కాగితముమీది చట్టము ప్రభుత్వము వెన్నెముక కలిగి యున్ననాడే నడుచును. మతపీఠములకు మనము నమస్కరింతుము; పసివాని కన్నీటి యెదుట మాత్ర మే పీఠమునకును దలుపులు మూసికొను హక్కు లేదు.