మన్యములో బడి, డోలు, విల్లు

గోదావరి యొడ్డున, అడవి నడుమనున్న ఏటూరునాగారము పేరు మా పాఠకులలో ననేకులకు రెండు సందర్భములందే వినవచ్చుచుండును. ఒకటి మేడారము జాతర. రెండవది వానకాలపు వరద. ఈ రెంటికిని నడుమ ఆ ప్రాంతపు బడులలో నేమి జరుగుచున్నదో విచారించువారు తక్కువ. ఒకప్పుడు వరంగల్లు జిల్లాలోనిదై, 2019లో నేర్పడిన ములుగు జిల్లాలో చేరిన యీ యూరు, చుట్టునున్న మన్యమునకు సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ కార్యస్థానము. కోయ బిడ్డల చదువు సంగతి తేలవలసిన చోటిది. కనుక నీ వారము ఆ సంగతినే యెత్తుకొనుచున్నాము.

పుస్తకము, ఆట, పాట యను మూడును తమ బడిలో సమానముగా నేర్పుదుమని ప్రతి ప్రైవేటు పాఠశాల ప్రకటనపత్రమందును అచ్చయియే యుండును. లోపలికి పోయి కాలపట్టికను చూచినచో నిజము బయటపడును. ఆటకు వారమునకొక గంట. ఆ గంటను గూడ పరీక్షలు దగ్గరపడగానే గణితమువారు అరువు దీసికొందురు. అరువు తీర్చిన గణితోపాధ్యాయుని మేమింతవరకు నెరుగము. సంగీతమునకును నృత్యమునకును గంటయే యుండదు. వార్షికోత్సవమునకు పది దినములు ముందు ఒక సినిమాపాటను ఎన్నుకొని, పిల్లలకు అద్దె దుస్తులు తొడిగి, ధ్వనిపెట్టె మ్రోగించి, దానినే కళాశిక్షణమందురు. మైదానపు పట్టణములలో నిది కేవలము లోపము. మన్యములో నిది నష్టము. ఏలయన, బడి వెలుపల నిజమైన విద్య యొకటి కాచుకొనియున్నది.

కోయలలో డోలీలను శాఖ యొకటి కలదు. గోత్రముల పుట్టుపూర్వోత్తరములు, ఇలవేల్పుల కథలు, సమ్మక్క సారలమ్మల వృత్తాంతము వీరి నోటనే తరతరములుగ నిలిచియున్నవి. బొమ్మలు తీర్చిన ముక్కోణపు గుడ్డను పడిగె యందురు. దాని నెదుట నిలిపికొని, డోలు వాయించుచు, కొమ్మూదుచు వారు పాడుదురు. ఇది యొక జాతి గ్రంథాలయము. తేడా యేమనగా, దీనికి బీరువాలు లేవు, మనుష్యులే కలరు. కోయ చరిత్రమును కోయభాషలోను తెలుగులోను గానము చేయగల సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ లభించినపుడు పత్రికలన్నియు సంతసించినవి, మేమును సంతసించితిమి. కాని యీ విద్యను నేర్చుకొనుటకు కూర్చున్న శిష్యులెందరని యడుగుట నాడు మరచితిమి.

ఈ విద్య యే వయస్సున నబ్బును? పిల్లవాడు తండ్రి ప్రక్కను చేరి, నిద్రకు తూగుచు, మేలుకొనుచు, పాట మధ్యలో వంతగొంతు కలుపుచు నేర్చుకొనవలసినది. ఏడెనిమిదేండ్ల ప్రాయమునుండి పదునైదేండ్ల వరకు దానికి కాలము. సరిగ్గా ఆ యేండ్లలోనే బిడ్డ ఆశ్రమ పాఠశాలలోనో, గురుకులములోనో యుండును. మేమా సంస్థలను నిందించుట లేదు. దూరదూరముగ చెదరియున్న గూడెముల పిల్లలకు అన్నమును, దుప్పటిని, పుస్తకమును ఒక్కచోట సమకూర్చుటకు వేరు మార్గము దొరకలేదు. అయినను ఒక మాట చెప్పక తప్పదు. పట్టణపు బడి పిల్లవాని పగటిని మాత్రమే తీసికొని సాయంకాలము తల్లికి తిరిగి యిచ్చును. మన్యములోని వసతి బడి పగటితోపాటు రాత్రిని గూడ తీసికొనినది. రేలపాటలు పాడు రాత్రులు, పండుగ రాత్రులు, తాతలు కథలు చెప్పు రాత్రులు గూడెములో జరుగుచునేయున్నవి. వినవలసిన బిడ్డ మాత్రము వరుసమంచములపై వేరొకచోట నిద్రించుచున్నాడు. ఎవరును దొంగిలింపలేదు, ఎవరును నిషేధింపలేదు. ఐనను సొత్తు పోవుచున్నది. రాత్రిని తీసికొన్నవారే రాత్రిని తిరిగి యిచ్చు నుపాయము వెదకవలెనని మా వాదము.

దీనికొక ప్రత్యుత్తరము కలదు. అది కోయ తలిదండ్రులనుండియే వచ్చును గనుక దానిని తేలికగా త్రోసివేయరాదు. "డోలు కొట్టుట మా యింటనే వచ్చును; బిడ్డను బడికి పంపినది లెక్కలకును ఇంగ్లీషునకును గదా" యని వారందురు. వారి మాట న్యాయమైనది. చదువురాని వాని వ్రేలిముద్ర యెంత భూమిని మ్రింగినదో మన్యమునకు తెలిసినట్లు మరెవ్వరికి తెలియును? గిరిజనుల భూమి గిరిజనేతరులకు బదిలీ కారాదని 1970లో చేసిన ఒకటవ నిబంధన పుస్తకములో బలముగనే యున్నది. దానిని చదివి, దరఖాస్తు వ్రాసి, కచ్చేరిలో నిలువబడి మాటలాడగల కోయ యువకుడు లేనిచోట నా బలము పుస్తకములోనే యుండిపోవును. కావున అక్షరమును అంకెను తగ్గించి పాటను పెంపుడని మేమనము. అట్లనువారు చాలవరకు తమ బిడ్డలను మంచి కాన్వెంటులో చదివించుకొనుచు, పరుల బిడ్డలకు జానపదమును ఉపదేశించువారే.

మేము చెప్పునది వేరు. ఇక్కడ పాట చదువునకు పోటీ కాదు, త్రోవ. ఇంటిలో కోయ మాటలాడు బిడ్డకు బడిలో మొదటి దినముననే తెలుగు, దానివెంటనే ఇంగ్లీషు వచ్చి మీదపడుచున్నవి. ఆ బిడ్డ నోరు మెదపడు. ఉపాధ్యాయుడు మందమతి యని వ్రాసికొనును. ఆ బిడ్డనే తన భాషలో పాడుమన్నచో వరుస తప్పక, మాట తడబడక నూరు చరణములు పాడగలడు. జ్ఞాపకశక్తి, లయ, క్రమము, వినుటలో నేకాగ్రత — చదువునకు మూలధనము లివియే గదా! ఈ సంగతి క్రొత్తది కాదు. 1943లో ఆదిలాబాదు అడవులలోని మార్లవాయియందు హైమెండార్ఫు దొర గోండు యువకులనే ఉపాధ్యాయులుగ తయారు చేయించి, గోండీ భాషలో వాచకములు వ్రాయించినపుడు నిజాము ప్రభుత్వమే దాని నంగీకరించినది. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ ప్రభుత్వము కోయతో సహా ఎనిమిది భాషలలో ప్రాథమిక విద్య ప్రారంభించినది. ఇట్టి ప్రయత్నములు మన దేశమున మొదలగుట కష్టము కాదు. పదియేండ్లు నిలుచుట కష్టము.

ఇట్టిచోటనే స్వతంత్ర పాఠశాల ప్రసక్తి వచ్చును. సర్కారు బడికి గల బంధములు దానికి లేవు. కాలపట్టికను తానే వ్రాసికొనవచ్చును; గ్రామములోని పెద్దను పిలిచి కూర్చుండబెట్టవచ్చును. కాని నేడు ప్రైవేటు బడులలో పెక్కింటికి స్వాతంత్ర్యము రుసుము నిర్ణయించుకొనుటయందే కనబడుచున్నది. తక్కిన విషయములలో సర్కారు బడికంటె నెక్కువగా పరీక్షకు దాసోహమనుచున్నవి. మన పెద్దలకు స్వతంత్ర పాఠశాల యనగా అర్థము వేరు. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్యగార్లు 1910లో బందరున ఆంధ్ర జాతీయ కళాశాలను నెలకొల్పినది సర్కారు చదువులో లేనిదానిని నేర్పుటకు. అచ్చట పుస్తకముతోపాటు చేతిపనియు నుండెను. ప్రమోదకుమార చటర్జీ వచ్చి చిత్రలేఖనము నేర్పెను. అడివి బాపిరాజు వంటివా డందు శిష్యుడయ్యెను. హైదరాబాదులో మాడపాటి హనుమంతరావుగారు 1928లో తెలుగు మాధ్యమమున బాలికా పాఠశాల పెట్టినపుడు ఉస్మానియావారి గుర్తింపు లభింపలేదు. బడి మూయక, పూనాలోని కర్వే పండితుని మహిళా విశ్వవిద్యాలయముతో ననుబంధము కల్పించుకొనిరి. అనుమతి లేనిచోట దారి వెదకినవారు వారు. నేటివారికి అనుమతి యున్నది, దారియే వెదకరు.

ఆటల విషయమున బందరు దాక పోనక్కరలేదు. వరంగల్లు జిల్లా పర్వతగిరి మండలమున కల్లెడ యను పల్లె కలదు. అచ్చట రూరల్ డెవలప్‌మెంట్ ఫౌండేషనువారు 1996నుండి బడి నడుపుచువచ్చిరి. అది సర్కారుదియు కాదు, లాభమునకు పెట్టినదియు కాదు. ఆ బడి మైదానమున గురిపలక లెత్తినారు. పల్లెపిల్లలచేతికి విల్లు నిచ్చినారు. ఆ పల్లెపిల్ల వర్ధినేని ప్రణీత 2008లో బీజింగు ఒలింపిక్సునందు భారతదేశము పక్షమున బాణము వేసినది. ఆ యూరిలోనే పుట్టిన జీవాంజి దీప్తి మేధోవైకల్యము గల బాలిక. ఇతర పిల్లల యెగతాళికి గురియైనది. బడిలోని వ్యాయామోపాధ్యాయుడు ఆమె పరుగును గమనించినాడు. 2024 మే నెలలో జపానులోని కోబె నగరమున పారా అథ్లెటిక్సు ప్రపంచ పోటీలందు ఆమె 400 మీటర్లను 55.07 సెకన్లలో పరుగెత్తి, ఆ తరగతిలో నాటికి ప్రపంచ రికార్డు నెలకొల్పి, స్వర్ణము గెలిచినది. అదే యేట పారిసు పారాలింపిక్సులో కాంస్యము తెచ్చినది. ఒక పల్లె, ఒక బడి, చూడగల కన్ను గల యొక ఉపాధ్యాయుడు. ఆ బాలికను లెక్కల మార్కులతో మాత్రమే తూచియుండిన యెడల, ఆమెనుగూర్చి బడి రిజిస్టరులో నేమి వ్రాయబడియుండెడిదో పాఠకులే యూహింపగలరు.

మరి విల్లు పుట్టినింటివారైన కోయల మాట యేమి? రాజస్థానమునుండి లింబారాం అను ఆదివాసి బాలుడు వెదురువిల్లుతో మొదలిడి 1988, 1992, 1996 ఒలింపిక్సులకు పోయినాడు. అతనిని కనుగొనుటకు 1987లో ప్రభుత్వమే వేటకాండ్ర పల్లెలకు పోయినది. ఒలింపిక్సు విల్లు వెల లక్షలలో నుండునని మాకును తెలియును. కాని మన దేశమునందలి పోటీలలో ఇండియన్ రౌండను విభాగము కలదు. దానికి వెదురువిల్లే చాలును. ఏటూరునాగారపు బడి యొకటి యిట్టి పది విండ్లు, నాలుగు గడ్డి గురిపలకలు సంపాదించుకొనుటకు మంత్రులు రానక్కరలేదు.

చట్టము అడ్డుపడునందురా? 2009 విద్యాహక్కు చట్టపు అనుబంధమును తెరచి చూడుడు. ఆరునుండి యెనిమిదవ తరగతివరకు నూరుగురికి మించి పిల్లలున్న ప్రతి బడికిని కళావిద్యకొకరు, ఆరోగ్య వ్యాయామ విద్యకొకరు, పనివిద్యకొకరు చొప్పున పాక్షికకాలపు శిక్షకులుండవలెనని అందే యున్నది. 2020 జాతీయ విద్యావిధానము ఇంకొక అడుగు వేసి, స్థానిక కళలయందు ప్రవీణులైనవారిని బడులు శిక్షకులుగ నియమించుకొనవలెనని ప్రోత్సహించినది. శిక్షణకళాశాల పట్టా లేదన్న సాకుతో డోలీని గుమ్మము వెలుపల నిలుపుటకు ఇక కారణము లేదు. 2023 చట్టముచే ములుగునకు సమ్మక్క సారక్క పేర కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయము గూడ వచ్చినది. శిఖరమున విశ్వవిద్యాలయము నిలిపి, పునాదియందలి చిన్నబడిలో నా విద్యకు గంటయైన నీయనిచో, రేపు ఆ విశ్వవిద్యాలయములో డోలీ పాటలనుగూర్చి పరిశోధింపవచ్చునేకాని పాడువాడు దొరకడు.

ఒక హెచ్చరిక కూడ అవసరము. కోయనృత్యము బడిలో నిప్పటికే లేదా యని కొందరడుగుదురు. ఉన్నది. అధికారి వచ్చినపుడు, అమాత్యుడు వచ్చినపుడు, కారు తలుపు తెరచుచోటనుండి వేదికవరకు పిల్లల తలలకు కొమ్ములు తగిలించి ఎండలో ఆడింతురు. అతిథి పూలదండ వేయించుకొని, ఛాయాచిత్రము తీయించుకొని లోపలికి పోవును. పిల్లలు చెట్టుక్రిందికి పోదురు. దీనిని కళావిద్య యనుట కోయలకు అవమానము. మరియొక వైపున, పడిగె వేల్పునకు సంబంధించినది. ప్రతి పాటను ప్రతి దినమున పాడరాదు, ప్రతి వస్తువును వేదిక యెక్కింపరాదు. బడిలో నేది నేర్పవచ్చునో, ఏది గూడెములోనే యుండవలెనో నిర్ణయింపవలసినవారు కోయ పెద్దలు. ప్రధానోపాధ్యాయుడు కాదు, మేమంతకంటెను కాము.

కనుక మా కోరిక పరిమితమైనది. ఏటూరునాగారపు స్వతంత్ర పాఠశాలలలో నొక్కటి ముందునకు వచ్చినచో చాలును. వచ్చు జూను మాసమున బడి తెరచునప్పటికి సాయంకాలపు గంటలు రెండింటిని కాలపట్టికలో వ్రాతపూర్వకముగ చేర్చి, వానిని పరీక్షలవారు తాకరాదని మేనేజిమెంటు కమిటీ తీర్మానింపవలెను. వారమున రెండు దినములు విల్లు. రెండు దినములు డోలును పాటయు. పండుగ రాత్రులందు పిల్లలను గూడెములకు పంపి, మరునాటి హాజరును మన్నింపవలెను. మిగిలిన చదువు తక్కువ కాకుండ చూచుట ఉపాధ్యాయుల పని. ఏడాది చివర పిల్లల మార్కులను, హాజరును తలిదండ్రుల యెదుట పెట్టి, మేలు జరిగినదో కీడు జరిగినదో వారిచేతనే చెప్పింపవలెను. గురుకులములవారును ఆశ్రమ పాఠశాలలవారును దానిని చూచి తమకు వీలైనంత గ్రహించుకొందురు.

ఇక డబ్బు సంగతి. కంప్యూటరు శిక్షకునకు నెలనెల జీతమిచ్చు బడి, డోలీకి మాత్రము ఉత్సవదినమున శాలువ కప్పి పంపుట చూచుచున్నాము. శాలువతో బియ్యము రాదు. కంప్యూటరు శిక్షకునకు ఎంతయో డోలీకిని అంతయే, ప్రతి నెల మొదటివారమున, అదే రిజిస్టరులో, సంతకము రానిచో వ్రేలిముద్రతో ఇయ్యవలెను.