చెప్పిన నర్సుకే మెమోనా?

జబ్బు ముదిరితే వేమూరు చుట్టుపక్కల పల్లెలవారికి తెనాలి, అక్కడా కుదరకపోతే గుంటూరు పెద్దాసుపత్రి దిక్కు. 2022లో మండలం బాపట్ల జిల్లాలో చేరినా ఈ దారి మారలేదు. ఆ పెద్దాసుపత్రిలోనే 2015 ఆగస్టులో ఎలుకలు కొరికిన పసికందు మరణించాడు. బిడ్డ ఒంటిపై కాట్లు ఉన్నాయని తల్లిదండ్రులు ముందే చెప్పినా పట్టించుకోలేదని అప్పట్లో వార్తలు వచ్చాయి. బిడ్డ పోయాక మాత్రం అధికారులు పరుగున వచ్చారు. చర్యలు తీసుకున్నారు. బోన్లు పెట్టి ఎలుకలను పట్టారు.

వార్డులో ఎలుక తిరిగితే ముందుగా కంటబడేది రాత్రి డ్యూటీలో ఉన్న నర్సుకు. ఒక రోగికి వేయాల్సిన సూది మరొకరికి వేయబోయి ఆఖరి క్షణంలో ఆగినా తెలిసేది ఆమెకే. ఆ సంగతి కాగితం మీద పెడితే? ‘అప్పుడు నువ్వేం చేస్తున్నావు’ అంటూ మెమో ముందు తనకే వస్తుందని భయం. మన ఆఫీసుల సంగతి తెలిసినవారెవరూ ఆ భయాన్ని తప్పుపట్టలేరు. అందుకే నోరు మెదపరు. ఇక్కడ తృటిలో తప్పిన పొరపాటే రేపు మరో వార్డులో ప్రాణం తీయవచ్చు.

ఇది చేయలేని పనేమీ కాదు. టీకా వేశాక బిడ్డకు ఫిట్స్ వస్తే ఏఎన్ఎం డాక్టరుకు చెబుతుంది. తీవ్రమైన కేసయితే 24 గంటల్లో జిల్లాకు నివేదిక వెళ్లాలి. మందులు వికటించిన కేసుల నమోదుకు 2010 నుంచి దేశమంతటా ఏర్పాటు ఉంది. డాక్టర్లు, నర్సులు నింపే ఆ ఫారంలోనే ఒక మంచి మాట అచ్చువేశారు: నివేదిక పంపినంత మాత్రాన వైద్య సిబ్బంది తప్పు ఒప్పుకున్నట్టు కాదని. ఆ హామీ సూది తారుమారైనప్పుడు, రోగి మంచం మీద నుంచి పడినప్పుడు ఎందుకు ఉండకూడదు?

రోగులూ ఊరుకోనక్కరలేదు. మాత్ర పడక దద్దుర్లో, ఆయాసమో వస్తే ముందు డాక్టరు దగ్గరకు పరుగెత్తాలి. తర్వాత 1800-180-3024కు ఉచితంగా ఫోన్ చేసి ఆ సంగతి చెప్పవచ్చు. మాత్రల అట్ట మాత్రం పారేయకండి. బ్యాచ్ నెంబరు దానిమీదే ఉంటుంది.

నిర్లక్ష్యంతో ప్రాణం తీసినవారిని వదిలేయమని ఎవరూ అనరు. డబ్బు తీసుకుని వైద్యం చేసే ఆసుపత్రులపై వినియోగదారుల కోర్టుకు వెళ్లవచ్చని 1995లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అయితే కోర్టు చూసేది జరిగిపోయినదాన్ని. జరగబోయేదాన్ని ఆపడానికి ప్రతి వార్డులో ఒక పుస్తకం ఉండాలి. పొరపాటు రాసినవారు తమ పేరు రాయనక్కరలేదు. సూపరింటెండెంటు వారం వారం దాన్ని చదివి, ఏం చేశారో అందులోనే రాయాలి. అందులో రాసినందుకు ఎవరికీ మెమో ఇవ్వబోమని నోటీసు బోర్డులో అంటించాలి.