అరువు పాట, సొంత దరువు



వార్షికోత్సవం దగ్గర పడిందంటే ప్రతి ఏడూ మన హాస్టల్‌లో ఒకటే పంచాయితీ. డీజే పెట్టాలా, డప్పు కొట్టాలా? ఈసారి మేము రెండూ కలుపుతున్నాం. ఫోన్‌లో ఉన్న ఒక జానపద పాటలోంచి చిన్న ముక్క తీసి, అదే మళ్లీ మళ్లీ వచ్చేలా స్పీకర్‌లో పెట్టాం. దాని మీద మొయినాబాద్ తమ్ముడు డప్పు అందుకున్నాడు. చేవెళ్ల వాళ్లు అన్నం ప్లేట్లు, ట్రంకు పెట్టెలు వాయించారు. ముందుగా రాసుకున్నది ఏమీ లేదు. ఒకరి దరువు విని ఇంకొకరు అప్పటికప్పుడు జవాబు ఇవ్వడమే.

రిహార్సల్ చూసిన ఒక పెద్దాయన, "పాట ఎవరిదో, దరువు తాతలది, ఇందులో మీదేముంది?" అని అడిగారు. ఆయనకు జవాబుగానే ఈ నాలుగు మాటలు.

అరువు తెచ్చుకోవడం తప్పు కాదని మా అభిప్రాయం. 1973 ఆగస్టు 11న న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో, జమైకా నుంచి వలస వచ్చిన కూల్ హెర్క్ అనే కుర్రాడు తన చెల్లెలు పెట్టిన పార్టీలో రికార్డులు వేశాడు. ఒకే రికార్డు రెండు ప్రతులు పక్కపక్కన పెట్టి, డ్రమ్ముల ముక్కనే మళ్లీ మళ్లీ మోగించడం ఆయన పద్ధతి. హిప్ హాప్ అక్కడే పుట్టిందంటారు. అంత దూరం ఎందుకు? మన బరాత్‌లలో తీన్‌మార్ వెనుక ఉన్న మర్ఫా, నిజాం సైన్యంలో పనిచేసిన ఆఫ్రికా సిద్దీలు, యెమెన్ అరబ్బుల వెంట హైదరాబాద్ వచ్చింది. మన డప్పు మాత్రం? బోనాలకు ఒక దరువు, పీర్లకు ఒకటి, చావుకు ఒకటి. తాత దగ్గర నేర్చిన దరువుకు నాయన తన మలుపు కలిపాడు. ఇప్పుడు మేము మాది కలుపుతున్నాం.

కానీ పేరు మింగడం తప్పు. క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్ అనే నల్లజాతి డ్రమ్మర్, జేమ్స్ బ్రౌన్ బృందంలో కొట్టిన కొన్ని సెకన్ల దరువును వెయ్యికి పైగా పాటల్లో వాడుకున్నారు. ఆ పాటల రాబడిలో ఆయనకు దక్కింది దాదాపు ఏమీ లేదు. 2017లో ఆయన చనిపోయాడు.

మరి మన సంగతి? బీజాపూర్ రోడ్డు మర్రిచెట్ల కింద డీజే బండి పోతుంటే అందులో మోగే డప్పు ఎవరిది? డప్పు కొట్టే కులమని మన వాళ్లను ఊరి చివర ఉంచారు. నేడు అదే దరువుకు ఊరంతా చిందేస్తోంది. దరువు ఊళ్లోకి వచ్చింది, కొట్టిన చెయ్యి బయటే ఉంది. మనలో కొందరు తమ్ముళ్లు ఇప్పటికీ నాయన డప్పు కొడతాడని చెప్పడానికి సిగ్గుపడుతున్నారు. సిగ్గుపడాల్సింది మనమా?

మేము తీసుకున్న పాటకు పాడినవారి పేరు, రాసినవారి పేరు దొరికాయి. డప్పు కొట్టినవారి పేరు ఎంత వెతికినా దొరకలేదు. మన కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ, ప్రదర్శించిన కళాకారుడికి తన పేరు చెప్పమని అడిగే హక్కు ఇచ్చింది. అడిగేవారు లేకపోతే చట్టం పుస్తకంలోనే ఉంటుంది.

అందుకే మేము మూడు మాటలు అనుకున్నాం. ఎవరి ముక్క తీసుకుంటే వారి పేరు వేదిక మీద చెప్పాలి. పేరు దొరకకపోతే దొరకలేదనీ చెప్పాలి. ఈ వేసవి సెలవుల్లో ప్రతి ఒక్కరం మన ఊరి డప్పు కళాకారుడి దగ్గర కూర్చొని, అనుమతి అడిగి, ఆయన దరువును పేరుతో సహా ఫోన్‌లో రికార్డు చేసుకోవాలి. అన్నలారా, మీ దగ్గర పాత క్యాసెట్లు ఉంటే ఇవ్వండి.

వచ్చే ఏడాది మన వేదిక మీద మోగే ముక్క మన నాయనలదే కావాలి. దాని ముందు వారి పేరు మైకులో గట్టిగా వినపడాలి.